సోమిద కొమ్మ ఎవరు నరికారు? – అడవి బొమ్మల చరిత్ర

పోస్టు పెద్దది. మెస్‌లో అన్నం తిన్నాక తీరిగ్గా కూర్చుని చదవండి. రాసింది మా రూము మొత్తం కలిసి. ఒకడు చెప్తుంటే ఒకడు టైపు చేశాం, కాబట్టి అక్కడక్కడా భాష అటూ ఇటూ అయితే సర్దుకోండి.

మా రూములో నలుగురం ఉంటాం. ఇద్దరం కొండరెడ్లం, ఒకడు కోయ, ఒకడు వాల్మీకి. నలుగురి ఇళ్లల్లోనూ డిగ్రీ దాకా వచ్చింది మేమే మొదలు. అందులో ముగ్గురం బోటనీ. పోయిన సెమిస్టర్‌లో ఒక్కొక్కరూ ఇరవై హెర్బేరియం షీట్లు పెట్టాలన్నారు. టౌన్ పిల్లలు కాలేజీ గోడ వెనకాల దొరికిన తంగేడు, ఉమ్మెత్త, వయ్యారిభామ పీక్కొచ్చి అతికించేశారు. మేము అలా కాదు, సంక్రాంతి సెలవులకి ఊరెళ్లి అవ్వని వెంటబెట్టుకుని కొండెక్కాం. రెండు రోజులు తిరిగాం. అవ్వ ఒక్కో మొక్క దగ్గర ఆగి పేరు చెప్పింది, ఏ నెలలో పూస్తుందో చెప్పింది, దాని కాయ ఏ పిట్ట తింటుందో, చెక్క దేనికి వాడతారో, ఏది నరకకూడదో చెప్పింది. మేము కొమ్మలు తుంచి, పాత పేపర్ల మధ్య పెట్టి, పైన బియ్యం బస్తా బరువు పెట్టి ఆరబెట్టాం.

షీటు కింద మూల ఒక లేబుల్ ఉంటుంది. శాస్త్రీయ నామం, కుటుంబం, దొరికిన చోటు, తేదీ, సేకరించినవారు. 'సేకరించినవారు' దగ్గర మా పేర్లు రాసుకున్నాం. మార్కులు బానే వచ్చాయి. అరవై షీట్లలో ఒక్కదానిమీద కూడా అవ్వ పేరు లేదు. అప్పుడు మాకు అది తట్టలేదు. తట్టింది రాక్స్‌బర్గ్ గురించి చదివాక.

విలియం రాక్స్‌బర్గ్ స్కాట్లాండ్ డాక్టరు. 1776లో ఈస్టిండియా కంపెనీ మద్రాసు వైద్య ఉద్యోగంలో చేరాడు. 1781లో సామర్లకోట వచ్చాడు. అవును, మన సామర్లకోటే. రంపచోడవరం వైపు నుంచి పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నం అన్నానికి ముందే దిగే ఊరు. అక్కడ తోట వేసి మిరియాలు, కాఫీ, దాల్చినచెక్క పండించి చూశాడు, కంపెనీకి ఏది లాభమో లెక్క వేశాడు. మొక్కలన్నీ బొమ్మలు గీయించాడు. 1793లో కలకత్తా తోటకి పెద్దగా వెళ్లాక కూడా గీయిస్తూనే ఉన్నాడు. మొత్తం రెండున్నర వేలకు పైగా బొమ్మలు. వాటిలోంచి 300 ఏరి లండన్‌లో జోసెఫ్ బ్యాంక్స్ ఆధ్వర్యంలో 'కోరమాండల్ తీరపు మొక్కలు' అని మూడు పెద్ద సంపుటాలుగా వేశారు. 1795లో మొదలుపెడితే 1820కి పూర్తయింది. ఈ పుస్తకం స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టారు. హాస్టల్ వైఫై పుణ్యమా అని ఒక రాత్రంతా పేజీలు తిప్పుతూ కూర్చున్నాం.

కోరమాండల్ తీరం అని పేరు పెట్టారు గానీ అందులో ఉన్నవన్నీ తీరపు మొక్కలు కావు. మొదటి సంపుటంలోనే టేకు ఉంది. ఇప్ప ఉంది. మోదుగ ఉంది. మేము ఒకళ్ల మొహం ఒకళ్లం చూసుకున్నాం. రెండొందల ఏళ్ల కిందటి లండన్ పుస్తకంలో మా ఇంటి వెనక చెట్లు!

పేర్ల సంగతి చూడండి. మోదుగకి 'బ్యూటియా' అని పెట్టారు. బ్యూట్ అనే ప్రాంతానికి ప్రభువైన జాన్ స్టూవర్ట్ గౌరవార్థం ఆ పేరు. ఆయన 1762-63లో బ్రిటన్ ప్రధానమంత్రి. ఇండియా మొహం చూసినవాడు కాదు. ఇప్పని 'బాసియా' అన్నారు, అది ఇటలీలో ఒక పండితుడి పేరు. ఇప్పుడు 'మధుకా' అంటున్నారు, అది సంస్కృతం. ఇప్ప పువ్వు ఏరుకుని బతికే మనవాళ్ల మాట రెండింట్లోనూ లేదు.

ఒక్క చెట్టు మాత్రం తప్పించుకుంది. సోమిద. కొన్ని ఊళ్లల్లో సోమి అంటారు. రాక్స్‌బర్గ్ తన పుస్తకంలో ఇది తెలుగువాళ్లు పిలిచే పేరని రాసుకున్నాడు. తర్వాత 1830లో ఒక ఫ్రెంచి శాస్త్రవేత్త ఆ మాటనే తీసుకుని 'సోయ్‌మిడా' అని లాటిన్ పేరు కట్టాడు. పూర్తి పేరు 'సోయ్‌మిడా ఫెబ్రిఫ్యూగా'. ఫెబ్రిఫ్యూగా అంటే జ్వరాన్ని తరిమేది. ఈ చెట్టు ఎక్కడ పెరుగుతుందో కూడా రాక్స్‌బర్గ్ రాశాడు: రాజమండ్రి సర్కారులో సామర్లకోట, పెద్దాపురాలకు ఉత్తరాన ఉన్న కొండల్లో. మ్యాపు తీసి చూసుకోండి. ఏలేశ్వరం దాటాక ఆ కొండలు ఎవరివి? అడ్డతీగల, రాజవొమ్మంగి, రంప. మనవే.

ఇక్కడ మా ఊహ ఒకటి చెప్తాం, ఊహ అనే చెప్తున్నాం. ఆ కొండల్లో తెలుగు మాట్లాడే ఆదివాసీలు కొండరెడ్లు. కోటలో కూర్చున్న డాక్టరుకి, 'కొండల్లో ఫలానా చెట్టుంది, పేరు సోమిద, దాని చెక్క కషాయం జ్వరానికి పనిచేస్తుంది' అనే కబురు గాల్లోంచి రాదు. ఎవరో చెప్పుండాలి. ఎవరో కొండెక్కి చెక్క ఒలిచి తెచ్చుండాలి. చెప్పిన మాట లాటిన్‌లోకి ఎక్కి ఈరోజుకీ ప్రపంచమంతా తిరుగుతోంది. చెప్పిన మనిషి ఏమయ్యాడో పుస్తకంలో లేదు. 'సేకరించినవారు' దగ్గర మేము రాసుకున్న మా పేర్లు అప్పుడు గుర్తొచ్చాయి. రాక్స్‌బర్గ్‌ని తిడదామని మొదలుపెట్టిన మాకు నోరు పడిపోయింది.

గీసినవాళ్ల పేర్లు కూడా లేవు. ఆ బొమ్మలు గీసింది ఇక్కడి చిత్రకారులే గానీ ఎవరో రాక్స్‌బర్గ్ రాయలేదు. ఆ తర్వాత తరంలో మద్రాసులో పనిచేసిన రాబర్ట్ వైట్ కొంచెం నయం. తన చిత్రకారులు రంగయ్య, గోవిందు అని పేర్లు అచ్చేశాడు. గోవిందు పేరుమీద ఒక ఆర్కిడ్ మొక్కకి 'గోవిందూయియా' అని కూడా పెట్టాడు. ఆ లాటిన్ పేరు ఇప్పుడు చెల్లుబాటులో లేదు, మొక్కని వేరే ప్రజాతిలో కలిపేశారు. బ్యూట్ ప్రభువు పేరు మాత్రం చెక్కు చెదరలేదు.

ఇప్పుడు ఆ బొమ్మల్నే చూద్దాం. అందంగా ఉంటాయి, అబద్ధం ఎందుకు. ఆకు మీద ఈనె ఈనె కనిపిస్తుంది. తెల్లటి కాగితం మధ్యలో ఒక కొమ్మ. కింద పువ్వుని కోసి దాని లోపలి భాగాలు విడివిడిగా. అంతే. నేల లేదు, వాగు లేదు, పక్కన ఇంకో చెట్టు లేదు. పిట్ట లేదు, పురుగు లేదు, మనిషి అసలే లేడు. ఆ కాలపు మొక్కల బొమ్మల్లో వేరే వేరే నెలల్లో వచ్చే పువ్వునీ కాయనీ ఒకే కొమ్మకి కలిపి గీయడం కూడా మామూలే. అంటే కాలం కూడా తీసేశారన్నమాట. లండన్‌లో ఉన్నవాడు మొక్కని గుర్తుపట్టాలంటే ఇదే సరైన పద్ధతి అని మా లెక్చరర్ చెప్పారు. నిజమే. గుర్తుపట్టడానికి బావుంటుంది. లెక్క కట్టడానికి ఇంకా బావుంటుంది.

ఇందులో మనల్ని గుచ్చేది ఆ తెల్ల కాగితం. అందులో అడవి ఎవరిదీ కాదు. మనుషులు లేని అడవి, వస్తువుల గోదాము. దానివల్లే చట్టాలు వచ్చాయని మేము అనడం లేదు, అంత తేలిగ్గా చరిత్ర నడవదు. గానీ 1879లో చిగురుపన్ను మీద, పోడు మీద ఆంక్షల మీద రంప కొండలు ఎందుకు తిరగబడ్డాయో, 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక మన తాతలు వాళ్ల అడవిలోనే దొంగలెలా అయ్యారో చదువుతుంటే ఆ తెల్ల కాగితమే కళ్ల ముందుకొస్తుంది. కాగితం మీద లేనివాడు నేలమీద కనపడితే వాడు ఆక్రమణదారుడే కదా.

సోమిద దగ్గరే ఇంకో దారి మొదలవుతుంది. కంపెనీ డాక్టర్లకి ఆ చెక్క మీద అంత మోజెందుకు? అప్పట్లో జ్వరానికి పెద్ద మందు సింకోనా చెక్క. అది దక్షిణ అమెరికా ఆండీస్ కొండల్లోంచి రావాలి, ఆ కొండలు స్పెయిన్ రాజు చేతిలో ఉన్నాయి. దానికి బదులు ఇంకో చెక్క కావాలి. సోమిద చెక్క ఎడింబరో దాకా వెళ్లింది. 1794లో అక్కడ ఆండ్రూ డంకన్ అనే వైద్య విద్యార్థి దాని మీదే లాటిన్‌లో సిద్ధాంత వ్యాసం రాశాడు. మన కొండ చెక్క మీద డిగ్రీ! సరే, అది పక్కన పెట్టండి. సింకోనా ఉన్న చోట ఏం జరిగిందో చూద్దామని మేము ఆ వైపు వెళ్లాం. అక్కడా అచ్చం ఇదే కథ, ఇంకా పెద్దగా.

ఇప్పుడు కొలంబియా అంటున్న దేశంలో 1783లో స్పెయిన్ రాజు అనుమతితో హోసే సెలెస్టినో ముటిస్ అనే మతగురువు మొక్కల యాత్ర మొదలుపెట్టాడు. సింకోనా ముఖ్యమైన పని. క్విటో నుంచి కూడా చిత్రకారుల్ని రప్పించి ఒక పెద్ద కార్యశాల నడిపాడు. ఆరు వేలకు పైగా బొమ్మలు గీశారు. అవే తెల్ల కాగితాలు, అవే ఒంటరి కొమ్మలు. స్వాతంత్ర్య పోరాటం వచ్చినప్పుడు, చిత్రకారుల పెద్ద సాల్వడోర్ రీసోని 1816లో స్పెయిన్ సైన్యం కాల్చి చంపింది. బొమ్మల్ని మాత్రం జాగ్రత్తగా పెట్టెల్లో సర్ది మాడ్రిడ్ పంపారు. ఇప్పటికీ అక్కడి రాజ ఉద్యానంలోనే ఉన్నాయి.

ఆ దేశంలోనే, రెండు వందల ఏళ్ల తర్వాత, ఒక పెద్దాయన అడవి బొమ్మలు గీశాడు. మా పోస్టు అసలు ఆయన గురించే అనుకోండి.

ఆయన పేరు ఆబెల్ రోడ్రిగేజ్. ఇది బయటి పేరు. సొంత పేరు మొగాహె గివూ. అమెజాన్ అడవిలో కావినారి నది ప్రాంతంలో పుట్టిన నొనుయా ఆదివాసీ, ముయినానే జనం మధ్య పెరిగాడు. నొనుయాలు ఎంత తక్కువమంది మిగిలారో తెలిస్తే గుండె ఝల్లుమంటుంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఆ అడవుల్లో రబ్బరు కంపెనీ వాళ్లు ఆదివాసీల్ని కట్టేసి కొట్టి, ఆకలికి మాడ్చి, రబ్బరు పాలు తీయించారు. వేలాదిమంది చచ్చిపోయారు. బ్రిటన్ ప్రభుత్వం పంపిన రోజర్ కేస్‌మెంట్ రాసిన నివేదిక 1912లో అచ్చయింది, ఎవరైనా చదవొచ్చు. మేము కొంత చదివి ఆపేశాం. అలా మిగిలిన కొద్దిమంది పిల్లల్లో ఒకడు ఈయన. చిన్నాన్న దగ్గర మొక్కల విద్య నేర్చుకున్నాడు. ఆయన్ని అక్కడ 'మొక్కలకు పేర్లు చెప్పేవాడు' అనేవారు. మన దగ్గరైతే నాటు వైద్యుడు అని ఒక్క మాటతో తీసేస్తారు, కానీ అది అంతకన్నా పెద్ద విషయం. ఏ చెట్టు ఎప్పుడు పుట్టింది, దాని కథేంటి, దానితో ఎవరికి చుట్టరికం, అన్నీ కలిపిన విద్య.

1980ల నుంచి ట్రోపెన్‌బోస్ అనే సంస్థ తరఫున శాస్త్రవేత్తలు ఆ అడవికి వచ్చారు. వాళ్లకి దారి చూపించింది, మొక్కల పేర్లు చెప్పింది ఈయనే. సామర్లకోట కథ మళ్లీ మొదలైంది కదా అనిపిస్తుంది. కానీ ఇక్కడ మలుపు తిరిగింది. 1990ల్లో సాయుధ పోరాటాల మధ్య అక్కడ బతకలేక కుటుంబంతో బొగోటా నగరానికి వలస వచ్చేశాడు. అడవి లేదు. పని లేదు. పాత పరిచయం ఉన్న ఆ సంస్థవాళ్లు, 'నీకు గుర్తున్న అడవి గీస్తావా' అని కాగితం, రంగులు ఇచ్చారు. బడిలో డ్రాయింగ్ నేర్చుకున్నవాడు కాదు. అయినా జ్ఞాపకంలోంచి గీయడం మొదలుపెట్టాడు.

ఏం గీశాడో చూడండి. ఒకే వరద అడవిని ఏడాది పొడవునా, నెలలవారీగా వరసగా గీసిన బొమ్మలున్నాయి. ఒక కాగితంలో నీళ్లు తక్కువ, చెట్లు పూత మీద. ఇంకోదాంట్లో నీళ్లు మొదళ్ల దాకా వచ్చేశాయి. పళ్లు రాలే నెలలో ఆ పళ్లు తినడానికి జంతువులు కిందకొచ్చి ఉంటాయి. ఆకులు ఒక్కొక్కటే విడివిడిగా గీశాడు, వేలకొద్దీ. చెట్లు ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉంటాయి, ఖాళీ ఉండదు. తెల్ల కాగితం ఎక్కడా మిగలదు. ముటిస్ చిత్రకారులు ఏది కత్తిరించి పారేశారో అది మొత్తం తిరిగి తెచ్చి అతికించినట్టు ఉంటుంది. నీళ్లు, నెలలు, తినేవాళ్లు, తినబడేవి. ఆయన ముటిస్‌కి జవాబుగా గీశాడని మేము చెప్పడం లేదు. తనకి తెలిసిన అడవి అలాంటిది కాబట్టి అలా గీశాడు. అదే జవాబైంది.

2014లో నెదర్లాండ్స్‌లో ప్రిన్స్ క్లాస్ అవార్డు వచ్చింది. 2017లో డాక్యుమెంటా అనే పెద్ద ప్రదర్శనలో బొమ్మలు పెట్టారు. 2025లో కన్నుమూశాడు. కొడుకు ఐకోబో కూడా బొమ్మలు గీస్తున్నాడు.

ఆ దేశంలోనే అల్బెర్టో బరాయా అని ఇంకో కళాకారుడున్నాడు, ఆదివాసీ కాదు. ఆయన పద్ధతి వేరు, కాస్త కొంటెతనం. ముటిస్ లాగే యాత్రలకు వెళ్తాడు, మొక్కలు సేకరిస్తాడు, కోసి అతికించి లేబుళ్లు రాస్తాడు. కాకపోతే ఆ మొక్కలన్నీ ప్లాస్టిక్‌వి, గుడ్డవి. హోటళ్లలో, ఆఫీసుల్లో దొరికినవి. 2000ల మొదట్లో మొదలుపెట్టి ఇంకా పోగేస్తున్నాడు. ఆ ఫోటోలు చూసి మేము పడీపడీ నవ్వాం, ఎందుకంటే మా హాస్టల్ ఆఫీసు గుమ్మానికి కూడా అలాంటి పచ్చటి ప్లాస్టిక్ తీగ వేలాడుతోంది. తెలివైన పని. కానీ మా నలుగురికీ ఆబెల్ తాతే ఎక్కువ నచ్చాడు.

బ్రెజిల్‌లో కథ ఇంకొంచెం కోపంగా నడిచింది. అక్కడ వలస బొమ్మల్లో మనుషులున్నారు, కానీ ఎలా ఉన్నారో చూడండి. 1637 నుంచి 1644 దాకా డచ్చి గవర్నరు వెంట ఇద్దరు చిత్రకారులు అక్కడున్నారు. ఫ్రాన్స్ పోస్ట్ ప్రకృతి దృశ్యాలు గీశాడు. విశాలమైన ఆకాశం, నెమ్మదిగా పారే నది, దూరంగా చెరకు మిల్లు, చిన్న చిన్న బొమ్మల్లా బానిసలు. చూస్తే ప్రశాంతంగా ఉంటుంది. చెరకు తోటల్లో బానిస బతుకు ప్రశాంతంగా ఉంటుందా? రెండోవాడు ఆల్బర్ట్ ఎక్‌హౌట్ ఆదివాసీలని నిలువెత్తున గీశాడు. 1641లో గీసిన ఒక తపుయా స్త్రీ బొమ్మలో ఆమె చేతిలో నరికిన మనిషి చెయ్యి ఉంటుంది, వీపు బుట్టలోంచి కాలు బయటికొచ్చి ఉంటుంది. వెనక చెట్టు, కాయలు, కుక్క అన్నీ ఎంతో శ్రద్ధగా గీశాడు. ఆ శ్రద్ధ వల్లే చెయ్యీ కాలూ కూడా కళ్లారా చూసిందే అనిపిస్తాయి. 1654లో ఆ బొమ్మల్ని డెన్మార్క్ రాజుకి కానుకగా ఇచ్చారు. కోపెన్‌హాగెన్ మ్యూజియంలో ఇప్పటికీ ఉన్నాయి.

దీనికి ఎదురు నిలబడినవాళ్లలో రియో నీగ్రో నది ప్రాంతపు బనీవా ఆదివాసీ డెనిల్సన్ బనీవా ఒకడు. 1984లో పుట్టాడు, అంటే మన అన్నల వయసు. 2018లో సావో పౌలోలో జరిగే పెద్ద కళా ప్రదర్శనకి ఎవరూ పిలవకుండానే వెళ్లాడు. జాగ్వార్ వేషం కట్టి, పూలు పట్టుకుని హాళ్లన్నీ తిరిగాడు. జాగ్వార్ అంటే అక్కడి పెద్దపులి అనుకోండి, వాళ్ల భూతవైద్యుడు దాని రూపం ధరిస్తాడు. అక్కడి పుస్తకాల షాపులో 'కళల సంక్షిప్త చరిత్ర' అనే పుస్తకం కొని, ఆదివాసీల పాత ఫోటోలు పెట్టిన చోట నిలబడి పేజీ పేజీ చింపేశాడు. ఇందులో మా కళ ఎక్కడ అని అడిగాడు. పుస్తకాలు చింపడం మాకు నచ్చదు, ఒక్కో పుస్తకం కొనడానికి మేము పడే పాట్లు మాకు తెలుసు. కానీ ఆ వీడియో రెండుసార్లు చూశాం.

ఆయన బొమ్మల్లో ఒక వరస పేరు 'నతురేజా మోర్తా'. బల్లమీద పళ్లూ పూలూ పెట్టి గీసే బొమ్మల్ని పోర్చుగీసులో అలాగే అంటారు. మాటకి మాట అర్థం తీస్తే 'చచ్చిన ప్రకృతి'. డెనిల్సన్ పళ్లు పెట్టలేదు. ఆకాశంలోంచి చూసినట్టు పచ్చటి అడవి, మధ్యలో నరికేసిన ఖాళీ నేల. ఆ ఖాళీ ఆకారం చూస్తే మనిషిలాగో జంతువులాగో ఉంటుంది. చెట్లు పోయిన చోట ఎవరు పోయారో ఆ ఆకారమే చెప్తుంది. తెల్ల కాగితం మీద కొమ్మని చూసిన కళ్లతో దీన్ని చూస్తే మాట రాదు.

మన దేశానికి వద్దాం. మనకి దగ్గరి చుట్టం లాంటివాడు భజ్జు శ్యామ్. మధ్యప్రదేశ్‌లో పాటన్‌గఢ్ ఊరు, ప్రధాన్ గోండు. ఆదిలాబాద్ అన్నలకు ప్రధాన్లు ఎవరో చెప్పక్కర్లేదు, గోండుల ఇంటి చరిత్ర కింగ్రీ వాయిస్తూ పాడేవాళ్లు. ఆ పాడే జాతిలోంచే జంగఢ్ సింగ్ శ్యామ్ వచ్చాడు. 1980ల మొదట్లో భోపాల్ భారత్ భవన్ వాళ్లు ఆయన్ని గుర్తించాక పాటలోని దేవుళ్లు, జంతువులు కాగితం మీదికొచ్చారు. ఆయన దగ్గర పని నేర్చుకున్నవాడు భజ్జు.

ఆ ప్రాంతం అడవుల్ని లోకం ఏ పుస్తకంతో గుర్తుపడుతుంది? కిప్లింగ్ 1894లో రాసిన జంగిల్ బుక్‌తో. తోడేళ్లు మాట్లాడతాయి, ఎలుగుబంటి పాఠాలు చెప్తుంది, ఆ అడవి సొంతదార్లయిన గోండులు మాత్రం దాదాపు కనపడరు. 2002లో భజ్జుని లండన్‌లో ఒక ఇండియన్ హోటల్ గోడల మీద బొమ్మలు వేయడానికి తీసుకెళ్లారు. రెండు నెలలున్నాడు. తిరిగొచ్చాక తను చూసిన లండన్‌ని గీశాడు. చెన్నైలో తారా బుక్స్ వాళ్లు 2004లో 'ది లండన్ జంగిల్ బుక్' అని వేశారు. పేరులోనే దెబ్బ ఉంది చూడండి. వాళ్లు మన అడవికి వచ్చి మనల్ని రాసుకెళ్లారు, మనవాడు వాళ్ల ఊరెళ్లి దాన్ని అడవిగా గీశాడు.

విమానం ఎగిరే ఏనుగు. నేల కింద తిరిగే రైలు పెద్ద వానపాము. బిగ్ బెన్ గడియారం కోడిపుంజు, ఎందుకంటే గోండుల ఊళ్లో పొద్దు చెప్పేది కోడే. రోజూ ఎక్కిన ముప్పయ్యో నంబరు బస్సు నమ్మకమైన కుక్క. సాయంత్రమైతే బార్లకి చేరే ఇంగ్లీషువాళ్లు గబ్బిలాలు. వెక్కిరింపు లేదు అందులో. ఎక్‌హౌట్ లాగా ఎవరి చేతిలోనూ నరికిన చెయ్యి పెట్టలేదు. కొత్త చోట కనపడిన ప్రతిదాన్నీ తనకి తెలిసిన ప్రాణితో చుట్టరికం కలుపుకున్నాడు. 2018లో పద్మశ్రీ ఇచ్చారు.

ఒక అనుమానం మాత్రం మాలో మాకు తెగలేదు. ఈ బొమ్మలన్నీ చివరికి ఎక్కడున్నాయి? మళ్లీ మ్యూజియంల్లోనే, కొనగలిగే వాళ్ల గోడల మీదే. జంగఢ్ శ్యామ్ జపాన్‌లో ఒక మ్యూజియం కోసం గీస్తూ 2001లో ఇంటికి దూరంగా అక్కడే చనిపోయాడు. అది చదివిన రోజు మా కోయ తమ్ముడు, 'అయితే మళ్లీ పెట్టెల్లో పెట్టి పంపడమే కదా' అన్నాడు. ఇంకొకడు, 'ఈసారి పెట్టె మీద పేరుంది కదా' అన్నాడు. రాత్రి పన్నెండు దాకా వాదించుకున్నాం, వార్డెన్ వచ్చి లైటు తీయించారు. ఎవరిది కరెక్టో మీరే చెప్పండి.

ఎండాకాలం సెలవులకి ఊరెళ్లినప్పుడు ఈ బొమ్మలన్నీ ఫోన్‌లో పెట్టుకుని వెళ్లాం. అవ్వకి చూపించాం. ముందు రాక్స్‌బర్గ్ సోమిద. ఫోను దూరంగా పట్టుకుని చూసింది.

"కొమ్మ ఎవరు నరికార్రా?" అంది.

ఎవరూ నరకలేదవ్వా, బొమ్మ అన్నాం. "నరికిన కొమ్మే ఇది. చెట్టేది? మందుండేది చెక్కలో కదా, ఆకులు గీసుకుని ఏం చేస్తారు?" అంది. మా బోటనీ రికార్డుకి ఇంతకన్నా గట్టి వైవా ఎవరూ పెట్టలేదు.

తర్వాత ఆబెల్ రోడ్రిగేజ్ వరద అడవి. ఇది చాలాసేపు చూసింది. వేలితో పెద్దది చేయడం మేమే నేర్పాం. "మన చెట్లు కావు ఇవి" అంది. చెట్టు కింద పళ్లు తింటున్న జంతువు దగ్గర ఆగి, ఇది కుందేలా, పందికొక్కా అని అడిగింది. మాకు తెలీదు. "చూసి గీసినోడు కాదు, తిరిగినోడు" అంది. ఎక్కడుంటాడని అడిగింది. చనిపోయాడవ్వా అని చెప్పాం. కాసేపు ఏం మాట్లాడలేదు. ఆ తర్వాత అడిగింది, "మరి పిల్లలకి చెప్పాడా?"

కొడుకు కూడా గీస్తాడు అన్నాం. మంచిదే అని ఫోను మా చేతికిచ్చేసి, కత్తి తీసుకుని లేచింది. ఎండెక్కకముందే పదండి అంది.

పాత షీట్లు కాలేజీలోనే ఉండిపోయాయి, వాటిని ఇప్పుడు దిద్దలేం. కొత్తగా మాకోసం చేసుకుంటున్న షీట్ల మీద 'సేకరించినవారు' కింద స్కేలు పెట్టి ఇంకో గీత గీశాం. 'చెప్పినవారు'. పక్కనే కొంచెం చోటు వదిలాం, ఏ నెలలో పూస్తుంది, ఎవరు తింటారు అని రాయడానికి. ఇప్పటికి పదకొండు అయ్యాయి. బొమ్మ గీయడం మా నలుగురిలో ఒక్కడికే కాస్త వచ్చు, వాడు కొమ్మ కాకుండా చెట్టు మొత్తం గీస్తానంటున్నాడు. ఎలా వస్తుందో చూడాలి.

సోమిద మాత్రం ఇంకా దొరకలేదు. అవ్వకి తెలిసినవి రెండు చెట్లు. ఒకటి రోడ్డు వెడల్పు చేసినప్పుడు పోయింది. రెండోది వాగు అవతల, నడిచి వెళ్తే రెండు గంటలంట. మేము వెళ్లిన వారంలో వాన పడి వాగు పొంగింది. దసరా సెలవులకి మళ్లీ వెళ్తున్నాం.